దరఖాస్తు ఫారములలోని హద్దులు – వానిని మార్చుకొనుటకు వీలగు ఏర్పాటు

గ్రామములలో నేడు పింఛను కొఱకు, ఆదాయ ధ్రువీకరణ పత్రము కొఱకు, జనన మరణముల నమోదు కొఱకు, ఓటర్ల జాబితాలో పేరు చేర్చుకొనుటకు పెట్టుకొను దరఖాస్తులలో పెక్కు కంప్యూటరు ద్వారానే సాగుచున్నవి. పూర్వము కాగితముపై వ్రాసి ఇచ్చిన దరఖాస్తును గుమాస్తా చదువుచుండెడివాడు. లోపమున్నచో చెప్పుచుండెడివాడు, సందేహము కలిగినచో పై అధికారి నడుగుచుండెడివాడు. కంప్యూటరులో నింపు ఫారమును మొదట చదువునది మనిషి కాదు, ప్రోగ్రాము. ప్రోగ్రామునకు సందేహము కలుగదు. దానికి తెలిపియుంచిన హద్దులకు లోబడిన దరఖాస్తును అది స్వీకరించును. లోబడని దానిని త్రిప్పివేయును.

కావున ఆ హద్దులు ఎచ్చట వ్రాయబడి యున్నవి, వానిని ఎవరు మార్చగలరు, ఎంత కాలములో మార్చగలరు అను ప్రశ్నలు ప్రోగ్రాములు వ్రాయు ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినవి కావు. చట్టము ఇచ్చిన హక్కు ఒక వృద్ధురాలి చేతికి అందునా, అందదా అనునది ఒక్కొక్కప్పుడు వీని మీదనే ఆధారపడి యుండును. పంచాయతీ సభ్యులు ఈ విషయమును గ్రహించి యుండుట మేలని తలచి, దీనిని సాధ్యమైనంత సులభముగా ఇచ్చట వివరించుచున్నాము.

హద్దు అననేమి?

ఫారములోని ప్రతి గడికిని ఏదో యొక నియమముండును. ఆధార్ సంఖ్యకు 12 అంకెలుండవలెను. పిన్ కోడునకు 6 అంకెలుండవలెను. పుట్టిన తేదీ రేపటి తేదీ కారాదు. వయస్సు ఇంతకు తక్కువ కారాదు. ఆదాయము ఇంతకు మించరాదు. పేరు ఇన్ని అక్షరములకు మించరాదు. ఫారము పంపిన క్షణములో ప్రోగ్రాము ఈ నియమములను ఒకటొకటిగా సరిచూచును. దీనినే వాలిడేషన్ అందురు.

ఈ సరిచూత అవసరమైనదే. అది లేనిచో ఆధార్ సంఖ్యలో ఒక అంకె తగ్గినను ఎవరికిని తెలియదు. డబ్బు మరియొకరి ఖాతాకు పోవచ్చును, లేక ఎవరికిని చేరకపోవచ్చును. హద్దులుండుట దోషము కాదు. మారవలసిన హద్దును మారకుండునట్లు కట్టివేయుటయే దోషము.

చెరువునకు కట్టయు, తూమును రెండును కలవు. కట్టను ఏటేట కదల్పరు. తూమునకు మాత్రము పలక నమర్తురు. పైరు అవసరమును బట్టి దానిని ఎత్తుదురు, దించుదురు. తూము రంధ్రమును రాతితోను, సున్నముతోను ఒకే కొలతకు కట్టివేసినచో, నీరు ఎక్కువ కావలసిన ఏడు కట్టనే త్రవ్వవలసి వచ్చును. ఫారములలోని హద్దుల సంగతియు ఇట్టిదే.

హద్దులు నిజముగా మారుచుండునా?

మారుచునే యుండును. జాతీయ వృద్ధాప్య పింఛను పథకము 1995లో ఆరంభమైనపుడు అర్హత వయస్సు 65 సంవత్సరములు. 2011లో దానిని 60కి తగ్గించిరి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పింఛను పథకములో 65గా నున్న వయస్సు 2019లో 60 అయ్యెను. తెలంగాణలో 65గా నున్న వయస్సును 57కు తగ్గించుచు 2021లో ఉత్తర్వు వెలువడెను. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను మొత్తము 2019లో 2,250 రూపాయలు కాగా, 2024 నాటికి 4,000 రూపాయలయ్యెను.

కేంద్ర ప్రభుత్వోద్యోగములలో వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లకు సంపన్న శ్రేణి ఆదాయపు హద్దును చూడుడు. 1993లో అది లక్ష రూపాయలు. 2004లో రెండున్నర లక్షలు. 2008లో నాలుగున్నర లక్షలు. 2013లో 6 లక్షలు. 2017లో 8 లక్షలు. ఓటు హక్కు వయస్సు సైతము 61వ రాజ్యాంగ సవరణ వలన 1989లో 21 నుండి 18కి దిగెను.

ఒక్కొక్కప్పుడు హద్దు మారదు గాని, దానిని లెక్కించు దినము మారును. ఓటరు వయస్సు 18 అనునది 1989 నుండి మారలేదు. కాని 18 నిండినవా లేదా యని జనవరి 1వ తేదీని మాత్రమే ఆధారముగా గైకొనుట పూర్వపు పద్ధతి. 2021 చట్ట సవరణ ననుసరించి, 2022 ఆగష్టు నుండి జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అను నాలుగు తేదీలను ఆధారముగా గైకొనుచున్నారు. కావున ప్రోగ్రాములో 18 అను సంఖ్యను మార్చుకొను వీలు మాత్రమే యున్నచో చాలదు. ఏ తేదీ నాటికి 18 అనునదియు మార్చుకొనదగినట్లుండవలెను.

మరియొకప్పుడు హద్దు పూర్తిగా తొలగిపోవును. ఇద్దరికంటె ఎక్కువ సంతానము కలవారు స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీ చేయరాదను నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024లో రద్దు చేసిన సంగతి సభ్యులకు తెలిసినదే. ఇట్టి సందర్భములో 2 అను సంఖ్యకు బదులు 99 అని వ్రాసి సరిపెట్టుకొనుట సరియైన పద్ధతి కాదు. అది హద్దును రద్దు చేయుట కాదు, హద్దును పెద్దది చేయుట మాత్రమే. హద్దు లేదని స్పష్టముగా తెలుపు గుర్తు ఒకటి ఏర్పాటులోనే యుండవలెను.

ప్రోగ్రాములో పాతుకొనిన హద్దు

ప్రోగ్రామును మొదట వ్రాయు ఇంజనీరు పని తొందరలో 65 అను సంఖ్యను ప్రోగ్రాము వాక్యములోనే వ్రాసివేయుట కలదు. ఆనాడు అది సరియైనదే. చిక్కు తరువాత వచ్చును. ఆ సంఖ్య ఒక్క చోట ఉండదు. ఫారము నింపువారి కంప్యూటరు తెరమీద, అనగా బ్రౌజరులో, ఒక సరిచూత జరుగును. దరఖాస్తు చేరిన తరువాత ప్రభుత్వపు సర్వరులో మరల సరిచూతురు. వివరములను భద్రపరచు డేటాబేసులో మూడవ కాపలా ఉండును. ఇవిగాక, తెరమీద కనిపించు సూచనలలోను, కార్యాలయపు బోర్డుమీదను అదే సంఖ్య వ్రాయబడి యుండును.

బ్రౌజరులోని సరిచూత నింపువారి సౌకర్యము కొఱకు. తప్పును అప్పటికప్పుడే చూపును. కాని తెలిసినవారు దానిని దాటివేయగలరు. అందుచేత సర్వరులోని సరిచూతయే తుది తీర్పు. హద్దు మారినపుడు ఒక చోట మార్చి మరియొక చోట మరచినచో ఏమగునో ఊహింపుడు. తెర 60 సంవత్సరముల వారిని రమ్మనును. సర్వరు వారినే పొమ్మనును.

ఉదాహరణకు, అర్హత వయస్సు 65 నుండి 60కి తగ్గినదనియు, ఒక గ్రామములో 62 ఏండ్ల వితంతువు దరఖాస్తునకు వచ్చినదనియు అనుకొందము. ఉత్తర్వు వెలువడినది. పత్రికలలో పడినది. గ్రామసభలో చదివిరి. కాని ప్రోగ్రామును మార్చుటకు ఇంజనీరు కావలెను, మార్చినదానిని పరీక్షింపవలెను, తిరిగి సర్వరుమీద పెట్టవలెను. ఈలోపల ఆమె ఎన్నిసార్లు వచ్చినను "వయస్సు చాలదు" అనియే తెర చెప్పును. ఆమెకు అన్యాయము చేయవలెనని ఎవరును తలపలేదు. అయినను రెండు నెలలు గడచినచో రెండు నెలల పింఛను పోవచ్చును. అంతకంటె కష్టమైన విషయ మొకటి కలదు. నిరాకరింపబడిన ఫారము ఎచ్చటను నమోదు కానిచో, ఆమె వచ్చినదను సాక్ష్యము సైతము మిగులదు.

పట్టికలో నుంచిన హద్దు

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. మారుటకు అవకాశమున్న హద్దులను ప్రోగ్రాము వాక్యములలో వ్రాయక, వేరొక పట్టికలో వ్రాసియుంచవలెను. బ్రౌజరు, సర్వరు, తెరమీది సూచనలు అన్నియు ఆ ఒక్క పట్టికనే చదువుకొనవలెను. అపుడు పట్టికలో ఒక వరుసను మార్చినచో అన్ని చోట్లను మార్పు ఒకేమారు కనిపించును. ఇట్టి ఏర్పాటునకు కాన్ఫిగరేషన్ అని పేరు.

అట్టి పట్టికలో ఒక్కొక్క హద్దునకు ఈ వివరములుండుట మంచిది: ఏ పథకము, ఏ గడి, కనీసమా, గరిష్ఠమా, సంఖ్య ఎంత, కొలత ఏమి, అనగా సంవత్సరములా, రూపాయలా, దినములా, ఎవరికి వర్తించును, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు, ఏ ఉత్తర్వు ననుసరించి, నమోదు చేసినదెవరు, ఆమోదించినదెవరు.

హద్దునకు సమానమైన సంఖ్య లోపలిదా, వెలుపలిదా అనునదియు అందుండవలెను. "60 నిండినవారు" అనుట వేరు, "60 దాటినవారు" అనుట వేరు. ఈ చిన్న భేదము వలన సరిగా 60వ పుట్టినదినమున వచ్చిన వ్యక్తి లోపలివాడో వెలుపలివాడో తేలును. అందుచేత హద్దును మార్చిన ప్రతిసారియు హద్దునకు ఒక దినము ముందు, సరిగా ఆ దినము, ఒక దినము తరువాత అను మూడు వయస్సులతోను ఫారమును పరీక్షించి చూడవలెను. ఎక్కువ తప్పులు దొరకునది ఈ అంచునందే.

"ఎవరికి వర్తించును" అను గడియు ముఖ్యమైనదే. ఒకే పథకములో అందరికిని ఒకే హద్దు ఉండదు. ఆంధ్రప్రదేశ్ పింఛను పథకములో సామాన్య వృద్ధులకు 60 ఏండ్లు కాగా, గిరిజన వృద్ధులకును, చేనేత కార్మికులకును 50 ఏండ్లని నియమించిరి. 2016లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస పథకములో మైదాన ప్రాంతములలో ఇంటికి 1,20,000 రూపాయలనియు, కొండ ప్రాంతములలో 1,30,000 రూపాయలనియు సహాయమును నిర్ణయించిరి. పట్టికలో ఒకే సంఖ్యకు చోటున్నచో ఇట్టి భేదములను పాటించుట సాధ్యము కాదు.

పాత వరుసను చెరిపివేయరాదు

హద్దు మారినపుడు పాత సంఖ్యమీద క్రొత్త సంఖ్యను దిద్దుట తప్పు. పాత వరుసకు ముగింపు తేదీ వేసి, క్రొత్త వరుసను ఆరంభపు తేదీతో చేర్చవలెను. భూమి రికార్డులలో పాత హక్కుదారుని పేరు పూర్తిగా చెరిపివేయక మ్యుటేషన్ వ్రాసినట్లే యిది. మార్పునకు ముందు వచ్చిన దరఖాస్తులు విచారణలో ఉండవచ్చును, అప్పీళ్లు రావచ్చును, ఆడిటు జరుగవచ్చును. ఆనాడు ఏ హద్దు అమలులో నుండెనో చూపగలిగినపుడే ఆనాటి నిర్ణయము న్యాయమైనదో కాదో తేలును.

ఆరంభపు తేదీ వలన మరియొక లాభము గలదు. ఉత్తర్వు వచ్చే నెల 1వ తేదీ నుండి అమలగునదైనచో, క్రొత్త వరుసను నేడే వ్రాసి యుంచవచ్చును. ఆ దినము ఉదయము నుండి ప్రోగ్రాము తనంతట తానే క్రొత్త హద్దును పాటించును.

హద్దు దాటినంత మాత్రమున నిరాకరింపదగునా?

జనన మరణముల నమోదు చట్టము 1969వ సంవత్సరపుది. దాని ప్రకారము జననమును 21 దినములలోపల తెలుపవలెను. 21 దినములు దాటి 30 దినములలోపలనైనచో ఆలస్యపు రుసుముతో నమోదు చేయుదురు. 30 దినములు దాటి సంవత్సరములోపలనైనచో నిర్ణీత అధికారి వ్రాతపూర్వక అనుమతి కావలెను. సంవత్సరము దాటినచో పూర్వము మొదటి తరగతి మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరమై యుండెను. 2023 సవరణ అమలులోనికి వచ్చినది మొదలు జిల్లా మేజిస్ట్రేటో, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటో, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటో ఉత్తర్వు ఇయ్యవలెను.

ఇందు 21, 30, ఒక సంవత్సరము అను హద్దులు తలుపు మూయు హద్దులు కావు. దారి చూపు హద్దులు. 22వ దినమున వచ్చిన తండ్రిని ఫారము త్రిప్పి పంపినచో అది చట్టమునకే విరుద్ధము. కావున పట్టికలో హద్దుతో పాటు, హద్దు దాటినచో ఏమి చేయవలెనో కూడ వ్రాసి యుండవలెను: నిరాకరించుటా, హెచ్చరించి స్వీకరించుటా, మరియొక అధికారికి పంపుటా అని. 2023లో దినముల సంఖ్య మారలేదు, అధికారి మారెను. అట్టి మార్పునకు సైతము పట్టికలో చోటుండవలెను.

తెలుగు పేర్ల పొడవు

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. పేరు గడికి 30 అనియో, 40 అనియో హద్దు పెట్టుట వాడుక. తెలుగువారి ఇంటిపేరు, వ్యక్తి పేరు, దేవుని పేరు, వంశపు పేరు అన్నియు కలిసినచో అది చాలదు. అదియుగాక కంప్యూటరు లెక్క మన లెక్కవంటిది కాదు. మనము "శ్రీ" అను దానిని ఒక అక్షరమందుము. యూనికోడ్ పద్ధతిలో అది శకారము, పొల్లు, రకారము, ఈకారపు గుడి అను నాలుగు గుర్తుల కూడిక. సాధారణముగా వాడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తునకు 3 బైట్లు పట్టును. అనగా ఒక్క "శ్రీ" 12 బైట్లు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటు చాలును. హద్దును బైట్లలో లెక్కించినచో ఇంగ్లీషు అక్షరములు పట్టు గడిలో తెలుగు గుర్తులు మూడవ వంతు మాత్రమే పట్టును.

పేరు మధ్యలో తెగినచో ఆధారులో ఒక పేరు, బ్యాంకు పుస్తకములో ఒక పేరు, జాబితాలో ఒక పేరు అగును. ఆ పైని కష్టములు సభ్యులకు చెప్పనక్కరలేదు. కావున పేరు పొడవునకు హద్దును మార్చుకొను వీలుండవలెను. దానిని ఏ కొలతతో లెక్కించుచున్నారో తెలియవలెను. డేటాబేసులోని గడి వెడల్పు ఆ హద్దునకు చాలునట్లుండవలెను. గడి చిన్నదై హద్దు పెద్దదైనచో ప్రయోజనము లేదు. అట్లే ఇంటిపేరు లేనివారును, ఒకే అక్షరము ఇంటిపేరుగా కలవారును ఉందురు గనుక కనీసపు హద్దును గూర్చియు యోచింపవలెను.

అన్నిటిని మార్చదగినవిగా చేయవలెనా?

అక్కరలేదు; చేయరాదు. ఆధార్ 12 అంకెలనునది ఏ జిల్లా అధికారియు మార్చదగినది కాదు. ఫిబ్రవరికి 30 దినములు లేవనునది ఎవరును మార్చలేరు. ఇవి చెరువు కట్టవంటివి. మార్చుటకు వీలున్న గడులు పెరిగినకొలది తప్పుగా మార్చుటకు అవకాశమును పెరుగును. ఉత్తర్వుల వలనను, అనుభవము వలనను మారుననుకొన్న హద్దులను మాత్రమే పట్టికలో నుంచి, తక్కినవానిని స్థిరముగా నుంచుట వివేకము.

తూము తాళము ఎవరి చేత?

ఇంజనీరు లేకయే హద్దును మార్చగలుగుట సౌకర్యము, అదే అధికారమును. సంఖ్యను మార్చువాడు నియమమునే మార్చుచున్నాడు. ఆదాయపు హద్దును ఒక సాయంకాలము పెంచి, తనవారి దరఖాస్తులను చేర్చి, మరునాడు తగ్గించినచో? అందుచేత నాలుగు కట్టుబాట్లు తప్పక యుండవలెను.

మొదటిది, మార్పును ఒకరు నమోదు చేయగా మరియొకరు ఆమోదింపవలెను. రెండవది, ఉత్తర్వు సంఖ్య, తేదీ లేని మార్పును ప్రోగ్రాము స్వీకరింపరాదు. మూడవది, ఎవరు, ఎప్పుడు, ఏ సంఖ్యను ఏ సంఖ్యగా మార్చిరో చెరపరాని చిట్టాలో పడవలెను. నాలుగవది, హద్దునకే ఒక హద్దుండవలెను. పింఛను వయస్సు 60కి బదులు పొరపాటున 600 అని టైపు చేసినచో, రాష్ట్రమంతట ఒక్క దరఖాస్తు సైతము చెల్లదు. 40కి తక్కువగాని, 80కి ఎక్కువగాని పట్టికలో వ్రాయ వీలులేనట్లు ముందే కట్టడి చేసినచో ఇట్టి ప్రమాదము తప్పును.

పట్టిక అందని సమయమున ఏమి చేయవలెననునదియు ముందే నిర్ణయింపవలెను. హద్దులు దొరకనిచో అందరిని త్రోసివేయుటయు, అందరిని చేర్చుకొనుటయు రెండును తప్పే. చివరిసారి చదివిన హద్దులతో దరఖాస్తును పుచ్చుకొని, మరల సరిచూడవలసినదిగా గుర్తు పెట్టుట మేలైన మార్గము.

పంచాయతీ సభ్యులు చేయదగినది

ప్రోగ్రాములను వ్రాయుట సభ్యుల పని కాదు. కాని హద్దు వద్ద ఆగిపోయిన మనిషిని మొదట చూచువారు సభ్యులే. కావున ఈ క్రింది విషయములను మనవి చేయుచున్నాము.

1. దరఖాస్తు నిరాకరింపబడినదని ఎవరైన చెప్పినచో, తెరమీద వచ్చిన వాక్యమును ఉన్నదున్నట్లు వ్రాసికొనుడు. వీలైనచో తెరను ఫోటో తీయించుడు. "కాలేదు" అను మాటవలన కారణము తెలియదు.

2. ఆ హద్దు ఏ ఉత్తర్వు ననుసరించినదో పంచాయతీ కార్యదర్శిని అడుగుడు. ఉత్తర్వునకును, తెరకును తేడా యున్నచో, ఉత్తర్వు సంఖ్యతో పై అధికారులకు వ్రాతమూలముగా తెలుపుడు.

3. ఆ వ్యక్తి వచ్చిన తేదీని కార్యాలయపు పుస్తకములో నమోదు చేయించుడు. కాగితపు దరఖాస్తు ఇచ్చి రశీదు పొందవలసినదిగా చెప్పుడు. తరువాత న్యాయము జరుగుటకు ఆ తేదీయే ఆధారము.

4. ఫారము దాటుటకై తప్పు వయస్సో, తప్పు ఆదాయమో వ్రాయవలసినదిగా ఎవరికిని సలహా ఇయ్యకుడు. నేడు గడచినను రేపు ఆ తప్పే వారి మెడకు చుట్టుకొనును.

5. క్రొత్త ఉత్తర్వు వచ్చినపుడు కార్యాలయపు బోర్డుమీది పాత సంఖ్యను దిద్దించుడు. గ్రామములోని హద్దుల పట్టిక ఆ బోర్డే.

6. నిరాకరణ వాక్యము తెలుగులో నుండవలెననియు, హద్దు ఎంతయో, తరువాత ఎవరిని చూడవలెనో అందు తెలుపవలెననియు కోరుడు. "చెల్లని విలువ" అనుటకంటె, "ఈ పథకమునకు 60 సంవత్సరములు నిండవలెను, మీ వయస్సు 59గా నమోదైనది, తప్పైనచో కార్యదర్శిని కలియుడు" అనుట ఎంతయో మేలు.

చట్టసభలు హద్దులను నిర్ణయించును. ప్రభుత్వము ఉత్తర్వు లిచ్చును. ఇంజనీర్లు వానిని ప్రోగ్రాములో నిలుపుదురు. ఈ మూడింటికి నడుమ జాప్యము కలిగినచో దానిని భరించునది దరఖాస్తుదారుడే. హద్దులు పట్టికలో నుండి, పట్టిక ఉత్తర్వునకు కట్టుబడి, మార్పు చిట్టాకెక్కుచున్నచో ఆ జాప్యము దినములకు తగ్గును. అట్టి ఏర్పాటు కావలెనని అడుగుటకు సభ్యులకు పూర్తి హక్కు గలదు. గ్రామములోని ఏ మనిషియు కాలము చెల్లిన ఒక సంఖ్య వలన వట్టి చేతులతో మరలిపోకుండ చూచుట మన అందరి బాధ్యత.